ఎండలో ఇనుప లవణాలు: ఎలక్ట్రాన్ ఇచ్చేదెవరు?

డిగ్రీ కళాశాలల రసాయనశాలల్లో విద్యార్థుల చేత తయారు చేయించే లవణాల్లో పొటాషియం ట్రైఆక్సలేటోఫెర్రేట్ ఒకటి. పేరు పలకడం కష్టమే గానీ, పచ్చల రంగులో మెరిసే ఆ స్ఫటికాలు కళ్లు తిప్పుకోనివ్వవు. వాటిని వడగట్టి ఆరబెట్టేటప్పుడు అధ్యాపకులు ఒక జాగ్రత్త చెబుతారు: కిటికీ పక్కన పెట్టవద్దు, ఎండ తగలనివ్వవద్దు, ముదురు రంగు సీసాలోనే దాచాలి. మాట వినకుండా ఎండలో వదిలేస్తే స్ఫటికాల పైపొర పసుపు పొడిగా మారిపోతుంది. నీళ్లలో కరిగించి ఎండలో పెడితే మార్పు ఇంకా బాగా తెలుస్తుంది. ఆకుపచ్చదనం వెలిసిపోతుంది, గాజు గోడకు సన్నటి బుడగలు పడతాయి. ఎవరూ వేడి చేయలేదు, మరే మందూ కలపలేదు. పడింది వెలుతురు ఒక్కటే.

ఆ వెలుతురు ఏం చేసిందో సరిగా అర్థమైతే చాలా సంగతులు ఒక్క దారానికి వస్తాయి. ఇంగ్లండులో 1840లలో వచ్చిన తొలి ఫొటోల పుస్తకం, ప్రయోగశాలల్లో ఫోటాన్లను లెక్కపెట్టే పద్ధతి, నడిసముద్రంలో సూక్ష్మజీవుల తిండి, బంగ్లాదేశ్ పల్లెల్లో నిమ్మరసంతో చేసిన ఒక నీటి ప్రయోగం, అన్నిటికీ మూలం ఇదే చర్య. కాబట్టి తొందరపడకుండా మొదటి నుంచీ చూద్దాం.

నీళ్లలో ఇనుము ముఖ్యంగా రెండు స్థితుల్లో ఉంటుంది. పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఫెర్రస్, మూడు పోగొట్టుకుంటే ఫెర్రిక్. తేడా ఒక్క ఎలక్ట్రాన్. కానీ ఆ ఒక్కటితో స్వభావమే మారిపోతుంది. ఫెర్రస్ నీళ్లలో సుఖంగా కరిగి ఉంటుంది. పలచగా ఉంటే దానికి రంగు కూడా కనిపించదు. ఫెర్రిక్ మాత్రం బాగా పులుపున్న నీటిలోనే నిలుస్తుంది. మామూలు నీటిలో హైడ్రాక్సైడ్‌గా మారి గోధుమ రంగు మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఇనుము ఎక్కువున్న ఊళ్లలో బోరు నీళ్లు బకెట్లో పడినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి ఎర్రబడి, తుప్పు రంగు మడ్డి దిగడం చాలామంది చూసిందే. భూమి లోపల గాలి అందని చోట ఫెర్రస్‌గా ఉన్న ఇనుము, పైకి రాగానే ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి ఫెర్రిక్ అయింది. దీన్ని ఆక్సీకరణం అంటారు. గాలి ఆడే చోట ఇనుము దారి ఎప్పుడూ అటే.

దీనికి ఎదురు దారి క్షయకరణం. ఫెర్రిక్ ఒక ఎలక్ట్రాన్‌ను తిరిగి అందుకుని ఫెర్రస్ కావడం. గాలిలో, మామూలు నీటిలో ఇది తనంతట తాను జరిగేది కాదు. ఎవరో ఎలక్ట్రాన్ ఇవ్వాలి. ఎండలో పెట్టిన పచ్చటి ద్రావణంలో జరిగింది సరిగ్గా ఈ ఎదురు దారి ప్రయాణమే. మరి ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి వచ్చింది? వెలుతురు తెచ్చిందనుకుంటే పొరపాటు. కాంతి కణమైన ఫోటాన్‌లో ఉండేది శక్తి మాత్రమే, అది ఎలక్ట్రాన్లను మోసుకు రాదు. కాంతి ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మారుస్తుందని ఒక్క వాక్యంలో చదివి ముందుకు సాగిపోతే అసలు కథ తెలియకుండానే పోతుంది.

నీళ్లలో ఫెర్రిక్ అయాన్ ఎన్నడూ ఒంటరిగా ఉండదు. దాని చుట్టూ సాధారణంగా ఆరు పట్లు ఉంటాయి. వాటిని నీటి అణువులో, హైడ్రాక్సైడ్లో, ఆక్సలేట్లో, సిట్రేట్లో ఆక్రమించి ఉంటాయి. మన పచ్చ స్ఫటికంలో మూడు ఆక్సలేట్లు, ఒక్కొక్కటి రెండేసి ఆక్సిజన్లతో ఇనుమును పట్టుకుని ఉంటాయి. ఆక్సలేట్ మనకు కొత్తదేమీ కాదు. పాలకూరలో, చుక్కకూరలో ఉండే ఆక్సాలిక్ ఆమ్లం నుంచి వచ్చేదే. బట్టల మీద తుప్పు మరకలు పోగొట్టడానికి ఆ ఆమ్లాన్ని వాడేదీ ఇనుమును అది గట్టిగా పట్టుకుంటుంది కనుకే.

ఇలా ఇనుమూ దాని తోడు అణువులూ కలిసి ఉన్న గుంపు మీద తగిన ఫోటాన్ పడితే, ఆక్సలేట్‌కు చెందిన ఒక ఎలక్ట్రాన్ ఇనుము వైపుకు మారుతుంది. ఇచ్చింది ఆక్సలేట్, పుచ్చుకుంది ఇనుము, ఆ మార్పుకు కావలసిన శక్తిని పెట్టింది వెలుతురు. ఈ పనికి చాలినంత శక్తి అతినీలలోహిత, ఊదా, నీలి కాంతి ఫోటాన్లలో ఉంటుంది. ఎర్ర కాంతి ఫోటాన్లలో ఉండదు, అవి ఎన్ని పడ్డా అంతే. అందుకే ఈ ద్రావణాలతో పనిచేసేవాళ్లు చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకుని నిశ్చింతగా పని చేసుకుంటారు.

ఇక్కడే అసలు చిక్కుంది. అటు వెళ్లిన ఎలక్ట్రాన్ ఇటు తిరిగి రావచ్చు. నిజానికి చాలా అణువుల్లో జరిగేది అదే. ఫోటాన్ శక్తి కాస్త వేడిగా మారిపోతుంది, ఎవరి స్థితీ మారదు. చేబదులు తీసుకున్న డబ్బు సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తే ఇద్దరి లెక్కా మొదటికొస్తుంది. ఇచ్చినవాడే ఊరు విడిచి పోతే మాత్రం ఆ డబ్బు తీసుకున్నవాడి దగ్గరే ఉండిపోతుంది. ఆక్సలేట్ విషయంలో జరిగేది ఈ రెండోది. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఆక్సలేట్ నిలవలేదు. దాని నడుమ ఉన్న రెండు కార్బన్ల బంధం తెగిపోతుంది. ఒక ముక్క కార్బన్ డయాక్సైడ్. గాజు గోడకు కనిపించిన బుడగలు దానివే. అణువు తెగిపోయాక ఎలక్ట్రాన్ తిరిగి వెళ్లడానికి చోటు లేదు. ఇనుము ఫెర్రస్‌గా మిగిలిపోతుంది.

ఈ చర్య మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే సంగతి ఇదే. వెలుతురు ఎలక్ట్రాన్‌ను కదిలించడం సగం పని. అది వెనక్కి రాకుండా ఇచ్చిన అణువు తెగిపోవడం మిగతా సగం. ఈ రెండో సగం ఎక్కడ బాగా సాగితే అక్కడ చర్య జోరుగా నడుస్తుంది, సాగకపోతే కుంటుతుంది. ముందు ఎలక్ట్రాన్ కదిలి తర్వాత బంధం తెగుతుందా, లేక రెండు సంఘటనల వరుస వేరేనా అన్న దాని మీద అతి వేగవంతమైన లేజర్లతో పరిశీలించిన శాస్త్రవేత్తల మధ్య ఈ శతాబ్దంలో కూడా వాదం నడిచింది. చివరికి మిగిలేది మాత్రం ఒకటే: ఫెర్రస్, కార్బన్ డయాక్సైడ్.

ఆక్సలేట్ తెగినప్పుడు వచ్చే రెండో ముక్క సంగతి ఇంకా చెప్పలేదు. అది ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఉన్న కార్బన్ డయాక్సైడ్. ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవడానికి అది తహతహలాడుతూ ఉంటుంది. దగ్గర్లో ఇంకో ఫెర్రిక్ కనిపిస్తే చాలు, దానికి ఇచ్చేసి తానూ మామూలు కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. ఈ రెండో పనికి వెలుతురు అక్కర్లేదు. అంటే ఒక్క ఫోటాన్ పడితే రెండు ఫెర్రస్‌లు రావడానికి వీలుంది. ఈ వీలు ఉన్నందువల్లే ఒక చక్కటి కొలత పరికరం పుట్టింది.

ఫెర్రిక్ ఆక్సలేట్ వెలుతురుకు విడిపోతుందని జర్మనీలోని యేనాలో పనిచేసిన యోహాన్ డోబరైనర్ 1831లోనే గమనించాడు. మూలకాలను మూడేసి చొప్పున కుటుంబాలుగా అమర్చినవాడిగా పాఠ్యపుస్తకాల్లో కనిపించే డోబరైనరే ఈయన. ఆ పరిశీలనను కచ్చితమైన కొలతగా మలచినవాళ్లు ఇంగ్లండులో పార్కర్, హాచర్డ్. వాళ్ల వివరమైన పత్రం 1956లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది.

ఆలోచన సులువు. ఒక దీపం నుంచి క్షణానికి ఎన్ని ఫోటాన్లు వస్తున్నాయో కంటితో లెక్కపెట్టలేం. కానీ ఒక్కో ఫోటాన్‌కు ఎన్ని ఫెర్రస్‌లు పుడతాయో ముందే తెలిస్తే, పుట్టిన ఫెర్రస్‌ను కొలిచి ఫోటాన్ల సంఖ్య రాబట్టవచ్చు. ఈ నిష్పత్తిని క్వాంటం దక్షత అంటారు. ఆక్సలేట్ ద్రావణంలో 365 నానోమీటర్ల అతినీలలోహిత కాంతికి అది దాదాపు 1.21. అంటే 100 ఫోటాన్లు పీల్చుకుంటే సుమారు 121 ఫెర్రస్‌లు. నూటికి నూరు మించడానికి కారణం పైన చెప్పిన రెండో ముక్క. పూర్తిగా 200 రాకపోవడానికి కారణం, కొన్ని ఎలక్ట్రాన్లు ఎలాగో ఒకలా వెనక్కి వెళ్లడం.

పద్ధతి ఇది. ఎర్ర దీపం గదిలో ద్రావణం కలుపుతారు. కొలవదలచిన దీపం ముందు తెలిసిన వ్యవధి పాటు పెడతారు. తర్వాత అందులోంచి కొద్దిగా తీసి ఫినాంత్రోలిన్ అనే కారకం కలుపుతారు. అది ఫెర్రస్‌తో మాత్రమే కలిసి ముదురు నారింజ రంగు ఇస్తుంది. 510 నానోమీటర్ల దగ్గర ఆ రంగు ఎంత చిక్కగా ఉందో కొలిస్తే ఫెర్రస్ ఎంతో తేలుతుంది. ఉదాహరణకు ఒక మైక్రోమోల్ ఫెర్రస్ పుట్టిందనుకుందాం. దాన్ని 1.21తో భాగిస్తే 0.83 మైక్రోమోల్ ఫోటాన్లు. సంఖ్యలో చెబితే దాదాపు ఐదు లక్షల కోట్ల లక్షలు. ఇంత పెద్ద లెక్క వెనక ఉన్న శక్తి మాత్రం 0.27 జౌళ్లే. ఫోటాన్ ఎంత చిన్నదో, ఈ పచ్చటి నీళ్లు దాన్ని ఎంత నమ్మకంగా లెక్కపెడతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఖరీదైన ఎలక్ట్రానిక్ కాంతిమాపకాలు వచ్చాక కూడా వాటిని సరిచూసుకోవడానికి ప్రయోగశాలలు ఈ ద్రావణం దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

ఆక్సలేట్‌ను పక్కనపెట్టి సిట్రేట్‌ను చూద్దాం. రక్తహీనతకు డాక్టర్లు రాసే ఇనుము టానిక్కుల లేబుళ్లు చదివితే కొన్నింటి మీద ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ అని ఉంటుంది. వెలుతురు తగలకుండా దాచమన్న సూచన, ముదురు రంగు సీసా కూడా తరచుగా కనిపిస్తాయి. నిమ్మపండులోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టుకుని ఉండగా తయారైన లవణం అది. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఔషధంగా వాడుకలో ఉండేది. ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కాగితం మీద వెలుతురు పనిని పరీక్షిస్తూ ఈ లవణం దగ్గరికి వచ్చాడు.

హెర్షెల్ చేసింది ఇది. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌నూ, పొటాషియం ఫెర్రిసయనైడ్ అనే ఎర్రటి లవణాన్నీ నీళ్లలో కలిపి కాగితానికి పూసి చీకట్లో ఆరబెట్టాడు. కాగితం లేత పసుపుపచ్చగా ఉంటుంది. దాని మీద ఆకో, ఈకో పెట్టి ఎండలో ఉంచితే వెలుతురు పడిన చోట సిట్రేట్ తన ఎలక్ట్రాన్ ఇచ్చి తెగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పోతుంది, ఇనుము ఫెర్రస్ అవుతుంది. ఆ ఫెర్రస్ పక్కనే ఉన్న ఫెర్రిసయనైడ్‌తో కలిసి ముదురు నీలం రంగుగా గట్టిపడుతుంది. బెర్లిన్‌లో పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో దొరికిన ప్రష్యన్ నీలమే అది. ఆకు నీడ పడిన చోట ఏ మార్పూ ఉండదు. తర్వాత కాగితాన్ని మామూలు నీళ్లలో కడిగితే మారని లవణం కరిగి పోతుంది, నీలం మాత్రం నీళ్లలో కరగదు కనుక నిలిచిపోతుంది. వెండి లవణాలతో ఫొటోలు తీసేవాళ్లకు బొమ్మను నిలపడానికి ప్రత్యేకమైన మందు కావాలి. ఇక్కడ కుళాయి నీళ్లు చాలు.

అన్నా అట్కిన్స్ అనే వృక్షశాస్త్ర అభిమాని ఈ పద్ధతిని పట్టుకుంది. ఆమె తండ్రి బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసేవాడు, హెర్షెల్‌కు స్నేహితుడు. 1843 నుంచి పదేళ్లపాటు ఆమె బ్రిటన్ తీరాల నాచులను ఒక్కొక్కటిగా కాగితం మీద పరిచి, ఎండకు పెట్టి, కడిగి, భాగాలు భాగాలుగా పుస్తకం తయారుచేసింది. ఫొటోలే బొమ్మలుగా ఉన్న మొదటి పుస్తకంగా దాన్ని లెక్కిస్తారు. నాచు దారాల సందుల్లోంచి పడిన వెలుతురు ఎంత నాజూకైన గీతనైనా విడవకుండా పట్టింది. అంత సన్నటి నాచులను కచ్చితంగా బొమ్మ గీయడం కష్టమని ఆమె ఈ దారి ఎంచుకుంది. ఆమె ఎంపిక ఎంత సరైనదో ఆ పుటలు చూసినవారికి వెంటనే తెలుస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా ఇదే కాగితం ఇంజనీర్ల చేతికి వచ్చింది. పలుచటి ట్రేసింగ్ మీద సిరాతో గీసిన నక్షాను దీని మీద పరిచి ఎండలో పెడితే, గీతలు తెల్లగా, మిగతా అంతా నీలంగా అచ్చు పడేది. బ్లూప్రింట్ అంటే అదే. తర్వాత మన ఇంజనీరింగ్ ఆఫీసుల్లో నడిచిన అమోనియా ప్రింట్లలో గీతలు నీలంగా, కాగితం తెల్లగా ఉంటుంది. వాటి రసాయనం వేరు, అందులో ఇనుముకు పని లేదు.

ఈ నీలం బొమ్మలకు ఒక విచిత్ర గుణం ఉంది. చాలాకాలం గట్టి వెలుతురులో వేలాడదీస్తే నీలం పలచబడుతుంది. చీకట్లో, గాలి తగిలేలా కొన్నాళ్లు ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది. నీలంలో మిగిలి ఉన్న ఫెర్రిక్ కూడా వెలుతురుకు కొంత క్షయకరణం చెంది రంగు పోగొట్టుకుంటుంది, తర్వాత గాలిలోని ఆక్సిజన్ దాన్ని మళ్లీ ఫెర్రిక్ చేస్తుంది. పాత బొమ్మలను భద్రపరిచే మ్యూజియంలు వాటికి మధ్య మధ్య చీకటి విశ్రాంతి ఇచ్చేది ఇందుకే.

ఆక్సలేట్, సిట్రేట్ లాంటి తోడు లేకుండా ఉత్త నీళ్లలో ఉన్న ఫెర్రిక్ మీద వెలుతురు పడితే? పులుపున్న నీటిలో, పీహెచ్ 3 ప్రాంతంలో, ఇనుముకు అంటుకుని ఉండేది హైడ్రాక్సైడ్. అప్పుడు ఎలక్ట్రాన్ ఇవ్వాల్సింది అదే. ఇస్తుంది కూడా. కానీ ఆక్సలేట్‌లా తెగి ముక్కలై పోవడానికి అందులో ఏమీ లేదు. అందుకే చాలాసార్లు ఎలక్ట్రాన్ వెనక్కి వెళ్లిపోతుంది. 313 నానోమీటర్ల కాంతికి ఇక్కడి క్వాంటం దక్షత దాదాపు 0.14 మాత్రమే. నూరు ఫోటాన్లకు 14 ఫెర్రస్‌లు. ఇంకా పొడవైన తరంగాలకు అంతకన్నా తక్కువ. ఆక్సలేట్ ఇచ్చిన 121తో పోల్చి చూడండి. ఇనుము అదే, నీళ్లు అవే, వెలుతురూ దాదాపు అలాంటిదే. తేడా అంతా తోడులో ఉంది.

తోడు మారితే ఇనుము నడత మారడం వెలుతురు అక్కర్లేని చోట కూడా జరుగుతుంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జి. గోపాలరావు, ఎస్.ఆర్. సాగి 1962లో ప్రకటించిన పని దానికి చక్కటి ఉదాహరణ. గాఢమైన ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఫాస్ఫేట్లు ఫెర్రిక్‌ను బిగించి పట్టుకుంటాయి. అందువల్ల ఫెర్రస్‌కు ఎలక్ట్రాన్ వదిలి ఫెర్రిక్ కావాలన్న మొగ్గు ఎంతో పెరుగుతుంది. ఎంతగా అంటే, మామూలుగా దాని వల్ల కాని యురేనియంను కూడా అది క్షయకరణం చేయగలుగుతుంది. అంటే గది ఉష్ణోగ్రత దగ్గరే ఫెర్రస్ ద్రావణంతో యురేనియంను నేరుగా టైట్రేషన్ చేసి కొలవవచ్చు. ఇనుము గుణం ఇది అని ఒక్క మాటలో చెప్పలేమనడానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

హైడ్రాక్సైడ్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఎలక్ట్రాన్ ఇచ్చేశాక అది హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది. రసాయన శాస్త్రానికి తెలిసిన అతి దూకుడు కణాల్లో అదొకటి. రంగులు, పురుగు మందులు, ఔషధాల అవశేషాలు, ఎదురుపడిన దాదాపు ఏ సేంద్రియ పదార్థాన్నైనా కొరికి ముక్కలు చేస్తుంది. ఫెర్రస్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే బలమైన ఆక్సీకరణం జరుగుతుందని కేంబ్రిడ్జిలోని హెన్రీ ఫెంటన్ 1894లో చూపించాడు. ఆ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఫెర్రస్ వాడుకలో ఫెర్రిక్ అయిపోతుంది, అది తిరిగి ఫెర్రస్ కావడం చాలా నిదానం. అక్కడే పని ఆగిపోతుంది. వెలుతురు పడితే ఆ తిరుగు దారి తెరుచుకుంటుంది. కొద్దిపాటి ఇనుమే అటూ ఇటూ తిరుగుతూ పని చేస్తూనే ఉంటుంది. స్పెయిన్‌లో ఎండ కాసే అల్మెరియా ప్రాంతంలోని సౌర పరిశోధన కేంద్రంలో పరిశ్రమల మురుగు నీటిని ఈ దారిలో శుద్ధి చేయడం మీద ఏళ్ల తరబడి పని జరుగుతోంది. మన దగ్గర బట్టల అద్దకం, ఔషధ పరిశ్రమల నీటికి కూడా ఇది పనికొచ్చే మార్గమే. అయితే నీటికి పీహెచ్ 3 దాకా పులుపెక్కించి, చివర మళ్లీ సరిచేయాలి. ఖర్చంతా అక్కడే.

ప్రకృతిలో ఈ పులుపు దానంతట అది దొరికే చోట్లున్నాయి. అమెరికాలోని కొలరాడోలో సెయింట్ కెవిన్ గల్చ్ అని ఒక కొండ వాగు ఉంది. పాత గనుల నుంచి కారే ఆమ్లం, ఇనుము అందులో కలుస్తాయి. డయాన్ మెక్‌నైట్, ఆమె సహచరులు అక్కడ రాత్రింబవళ్లు నీటి నమూనాలు తీసి 1988లో సైన్స్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పొద్దెక్కుతున్నకొద్దీ నీటిలో ఫెర్రస్ పెరిగింది, మిట్ట మధ్యాహ్నం ప్రాంతంలో గరిష్ఠానికి చేరింది, చీకటి పడ్డాక తగ్గింది. వాగు అడుగున రాళ్లకు పట్టిన తుప్పు మడ్డి కూడా ఎండకు కొంత కరిగి నీటిలోకి వస్తోంది. పులుపున్న నీటిలో ఫెర్రస్‌ను ఆక్సిజన్ నిదానంగా మారుస్తుంది కనుకే ఇది కనిపించింది. మామూలు నీటిలో పీహెచ్ ఒక్క మెట్టు పెరిగితే ఆ వేగం దాదాపు నూరు రెట్లవుతుంది.

సముద్రపు నీటి పీహెచ్ 8 దాటి ఉంటుంది. అక్కడ పుట్టిన ఫెర్రస్ వెచ్చటి నీటిలో కొద్ది నిమిషాలకు మించి నిలవదు. అయినా సముద్రంలో ఈ చర్యకు చాలా విలువ ఉంది. తీరానికి దూరంగా ఉపరితల నీటిలో కరిగిన ఇనుము లీటరుకు ఒక నానోమోల్ కూడా ఉండదు. మొక్కల్లా ఎండతో బతికే సూక్ష్మజీవులకు అది లేకపోతే గడవదు. ఇంత కరవులో కొన్ని బాక్టీరియాలు ఇనుమును గట్టిగా పట్టి ఉంచే అణువులను నీటిలోకి వదులుతాయి. సముద్రంలో కరిగి ఉన్న ఇనుములో దాదాపు అంతా ఇలాంటి సేంద్రియ అణువుల పట్టులోనే ఉంటుంది. గట్టిగా పట్టుకున్నదాన్ని మరొకరు తీసుకోవడం కష్టం. కేథరిన్ బార్బో, అలిసన్ బట్లర్ తదితరులు 2001లో నేచర్ పత్రికలో చూపించిందేమిటంటే, ఆ అణువుల్లో కొన్నింటిని ఎండ తెంచుతుంది. వాటిలో సిట్రేట్‌ను పోలిన ఒక భాగం ఉంది, ఇనుముకు ఎలక్ట్రాన్ ఇచ్చి అక్కడే తెగుతుంది. పట్టు సడలుతుంది, ఫెర్రస్ బయటపడుతుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే పక్కనున్న జీవికి అది అందే వీలు కలుగుతుంది. హెర్షెల్ కాగితం మీద జరిగిందీ, నడిసముద్రంలో జరిగేదీ ఒకే పని.

ఇక నిమ్మరసం సంగతి. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్ల రోగాల నుంచి తప్పించడానికి 1970ల నుంచి లక్షలాది గొట్టపు బావులు వేశారు. వాటి నీటిలో ఆర్సెనిక్ ఉందని 1993లో బయటపడింది. అక్కడి భూగర్భ జలంలో ఇనుము కూడా చాలాచోట్ల ఎక్కువే. స్విట్జర్లాండ్‌లోని ఈఆవాగ్ నీటి పరిశోధన సంస్థలో స్టెఫాన్ హుగ్ బృందం ఈ ఇనుమునే పనిలో పెట్టాలని చూసింది. ప్లాస్టిక్ నీళ్ల సీసాలో బావి నీరు నింపి, లీటరుకు కొన్ని చుక్కల నిమ్మరసం పిండి, కొన్ని గంటలు ఎండలో ఉంచాలి. తర్వాత రాత్రంతా కదపకుండా పెట్టి, పైన తేరిన నీటిని వంచుకోవాలి. పద్ధతి ఇంతే.

లోపల జరిగేది మాత్రం ఇంత తేలిక కాదు. నిమ్మరసంలోని సిట్రేట్ ఫెర్రిక్‌ను పట్టుకుంటుంది. ఎండకు సిట్రేట్ తెగి ఇనుము ఫెర్రస్ అవుతుంది. తెగిన ముక్కలు నీటిలోని ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుట్టిస్తాయి. ఫెర్రస్ వాటితో కలిస్తే ఫెంటన్ చూపించిన ఆక్సీకరణమే మొదలవుతుంది. క్షయకరణంతో మొదలైన చర్య ఆక్సీకరణానికి దారి తీస్తుందన్నమాట. బావి నీటిలో ఆర్సెనిక్ ఎక్కువగా విద్యుదావేశం లేని రూపంలో ఉంటుంది, అది దేనికీ సరిగా అంటుకోదు. ఆక్సీకరణం చెందాక రుణావేశం పొంది తుప్పు మడ్డికి అంటుకుంటుంది. మడ్డి అడుగుకు దిగినప్పుడు ఆర్సెనిక్ కూడా దానితో పాటే దిగుతుంది.

బంగ్లాదేశ్‌లో బావుల దగ్గర చేసిన పరీక్షల్లో ఆర్సెనిక్ దాదాపు సగం నుంచి మూడు వంతుల దాకా తగ్గింది. నిమ్మరసం ఎక్కువ పోస్తే ఇంకా బాగా పనిచేస్తుందనుకోవడం సహజం. కానీ ఫలితం తిరగబడుతుంది. మిగిలిపోయిన సిట్రేట్ ఇనుమును వదలకుండా కరిగిన స్థితిలోనే ఉంచేస్తుంది, మడ్డి దిగదు. పైగా ఆర్సెనిక్‌ను మార్చాల్సిన రాడికల్స్ సిట్రేట్‌ను కొరకడానికే ఖర్చయిపోతాయి. ఫాస్ఫేట్ ఎక్కువున్న నీటిలోనూ ఇబ్బందే, అది మడ్డి మీద ఆర్సెనిక్ చోటును ఆక్రమిస్తుంది.

ఈ లెక్కను సూటిగా చూడాలి. బావిలో లీటరుకు 300 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉంటే, మూడు వంతులు పోయినా 75 మిగులుతుంది. బంగ్లాదేశ్ పెట్టుకున్న పరిమితి 50, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది 10. అంటే ఆర్సెనిక్ తక్కువగా ఉండి ఇనుము సమృద్ధిగా ఉన్న బావులకే ఇది ఉపయోగం. లోతు బోరు గానీ, మంచి వడపోత గానీ దొరికే చోట అవే మేలు. తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఇంకో మాట కూడా చెప్పాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల నీటి బాధ ఫ్లోరైడ్‌ది. నిమ్మరసం, ఎండ దానికి పనిచేయవు. ఈ పద్ధతి ఆర్సెనిక్ నుంచి ఎలక్ట్రాన్లు లాగి దాని రూపం మార్చడం మీద ఆధారపడింది, నీటిలోని ఫ్లోరైడ్ అలా మారేది కాదు. దానికి పటిక, సున్నం కలిపి మడ్డి దింపే నల్గొండ పద్ధతి లాంటి వేరే మార్గాలు కావాలి. ఆ పద్ధతిలోనూ ఎంత పటిక వేయాలన్నది నీటిని పరీక్షించాకే తేల్చుకోవాలి.